సైకిలు దిగి నడిచేవాళ్ళు

నాలుగు నిలువు గీతలు, వాటి మీదుగా ఒక అడ్డగీత, అయిదు. మళ్ళీ నాలుగు, మళ్ళీ అడ్డం, పది. ఇదేమంత విద్య కాదు, ఒకటో తరగతి పిల్లలు చేసే పనే, అయినా భన్‌పురి చౌరస్తాలో పాలబూతు పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, మఫ్లరు చెవుల మీదికి లాక్కుని బంగారయ్య ఆ గీతలు గీస్తున్న తీరు చూస్తే ఆయనకేదో పెద్ద పరీక్ష జరుగుతోందనుకుంటారు. పరీక్షే మరి. ఆరూ నలభై అయిదు నుంచి ఏడూ నలభై అయిదు దాకా ఈ చౌరస్తా దాటే సైకిళ్ళెన్నో రాసి, పదకొండు గంటలకల్లా ఇంజనీరు బల్ల మీద పెట్టాలి. ఇక్కణ్ణుంచి ఇనుప కంపెనీలున్న సిల్తారా దాకా రోడ్డు వెడల్పు చేస్తున్నారు, లారీలకి ఇటు రెండు వరసలు, అటు రెండు వరసలు. ఆ పక్కనే గట్టు కట్టి సైకిళ్ళకి వేరే దారి వదలండి మహాప్రభో అని నీలిమ వాళ్ళ కమిటీ ఎనిమిది నెలలుగా అర్జీలు పెడుతోంది. ఇంజనీరు చెడ్డవాడేం కాదు. గంటకి అయిదు వందల సైకిళ్ళు దాటుతున్నాయని చూపించండి, ఎస్టిమేటులో దారి రాసేస్తాను, నాకేమన్నా సైకిళ్ళ మీద పగా అన్నాడట. పోయిన మంగళవారం చూపించారు. రెండు వందల పన్నెండు. ఇప్పుడందరికీ మోటారు సైకిళ్ళు వచ్చేశాయి మేడమ్, సైకిలు కాలం పోయింది అని ఆయన కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాడట. ఇంకొక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు అని నీలిమ బతిమాలితే ఇవాళ్టి తారీఖు ఇచ్చాడు, ఆ తర్వాత టెండరు. ఆ రెండు వందల పన్నెండూ బంగారయ్య గీసిన గీతలే.

రెండు వందల పన్నెండు. ఆ అంకె వారం రోజులుగా గొంతులో చేపముల్లులా ఉంది. కళ్ళతో చూస్తే రోడ్డు నిండా సైకిళ్ళే, కాగితం మీదికి వచ్చేసరికి ఏమైపోతున్నాయో ఏమో. వయసు అరవై మూడైతే అయింది, నిరుడు కంటికి ఆపరేషను కూడా అయింది, చూపులో లోపమేమీ లేదని డాక్టరే చెప్పాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు రైలు గేటు కాసిన మనిషి, అయిదు నిమిషాల ముందే గాలిని బట్టి బండి రాక చెప్పగలిగిన మనిషి, సైకిళ్ళు లెక్కపెట్టలేడా? మోవాలో పెట్టిన మీటింగులో, పొద్దున్నే లేచి లెక్క రాసేవాళ్ళెవరైనా ఉన్నారా అని నీలిమ అడిగినప్పుడు, రంగురంగుల హెల్మెట్లు పెట్టుకొచ్చిన కుర్రకారంతా ఫోన్లలోకి తలలు దించేసుకున్నారు. ఆదివారం సైకిళ్ళవాళ్ళు వాళ్ళు. కారు నెత్తిన సైకిలెక్కించుకుని ఊరి బయటిదాకా తీసుకెళతారు, అక్కడ దించి కాసేపు తొక్కుతారు, మళ్ళీ దాన్ని కారెక్కించుకుని ఇంటికొచ్చి అలిసిపోయామంటారు. నీలిమ అలాంటిది కాదు. ఆ పిల్ల తండ్రి కరీంనగర్ వైపు నుంచి వచ్చి సిల్తారాలో ఉక్కు కంపెనీ ఆఫీసులో పనిచేసినవాడు, ఆమె ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతుంది, రోజూ కాలేజీకి వెళ్ళేది సైకిలు మీదే. వెనక వరసలోంచి బంగారయ్య చెయ్యెత్తితే, "అంకుల్, మీరు గేట్‌మన్ చేసిండ్రా? ఇంక మీకన్నా మంచిగ ఎవరు రాస్తరు?" అంది అందరి ముందూ. ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగింది. పొంగదా, రిటైరయ్యాక ఆయన్ని ఎవరూ దేనికీ పనికొస్తావని అనలేదు. కానీ చెయ్యెత్తింది మెప్పు కోసం కాదు, మెప్పు ఆ తర్వాత వచ్చింది. చెయ్యెత్తేటప్పుడు మనసులో ఉన్నది తమ్ముడు కోటయ్య.

ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది. లారీ ఒకటి అడ్డం వచ్చి నిలబడింది, దాని వెనక ఎన్ని పోయాయో ఏమో అని స్టూలు మీంచి లేచి మెడ సాచాడు, ఏమీ పోలేదు, అదే ఇటు తిరిగి పొగ వదిలింది. ఆ పొగలోంచి పార్వతమ్మ వచ్చింది. కోటయ్య భార్య. చౌరస్తాకి అవతల ఒక లారీల ఆఫీసులో డ్రైవర్లకి టీలు, టిఫిన్లు చేసి పెడుతుంది, ఏడింటికల్లా స్టవ్ వెలిగించాలి. సైకిలు హాండిలుకి సంచీ తగిలించుకుని, స్వెట్టరు మీద కొంగు బిగించి, సైకిల్ని పక్కన నడిపించుకుంటూ వచ్చి ఆయన ముందు ఆగింది.

"ఏటైనా తిన్నావేటి బావా?"

"ఇంకా ఏడే అవనేదు, ఏటి తింటాను."

"ఉప్మా సేస్తాను, పాలపాకెట్లకి ఎలాగూ మళ్ళీ రావాల. అప్పుడు తెస్తాను. సలిగా ఉన్నాది, మఫ్లరు తియ్యకు."

అంతే, సైకిలు హాండిలు గట్టిగా పట్టుకుని రోడ్డు అంచుకి వెళ్ళింది. ఆమెతో పాటు ఇంకో ముగ్గురు, నలుగురు. బూడిద లారీ పోయింది, బొగ్గు లారీ పోయింది, ఇనుపకడ్డీలు తోకలా వెనక్కి వేలాడేసుకుని ఒక ట్రాలీ పోయింది, అప్పుడు గబగబా సగం రోడ్డు, మధ్యలో ఆగి, మళ్ళీ సగం. బంగారయ్య ఊపిరి బిగబట్టి చూశాడు, రోజూ చూసినా ఊపిరి బిగపడుతూనే ఉంటుంది. ఆమె అవతలికి చేరాక కోతిటోపీ పెట్టుకున్న ఒకాయన తొక్కుకుంటూ వచ్చాడు. నలభై.

కోటయ్య ఏడింటికి పది నిమిషాల ముందు వచ్చేవాడు, గేటు దగ్గరికి. గేటు ఇక్కడ కాదు, రెండు కిలోమీటర్ల అవతల, ఇప్పుడు వంతెన ఉన్న చోట. నాన్న టెక్కలి నుంచి ఈ ఛత్తీస్‌గఢ్‌కి వచ్చి రైల్వేలో గ్యాంగుమన్ అయ్యాడు, సర్వీసులో ఉండగానే పోయాడు, ఆ ఉద్యోగం పెద్దకొడుక్కి వచ్చింది, చిన్నకొడుక్కి సిల్తారాలో ఇనుప కంపెనీ దొరికింది. ఇద్దరిదీ చెరో దారి అనుకోవడానికి లేదు, తమ్ముడి దారికి అడ్డంగా అన్న గేటు ఉండేది. ఉదయం వెళ్ళేటప్పుడు తెల్లచొక్కా, సాయంత్రం వచ్చేటప్పుడు మొహం మీద కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనిపించేవి కావు, ఆ నల్లబూడిద చెవుల్లోంచి ఆదివారం దాకా వచ్చేది. గేటు పడి ఉంటే కోటయ్య ఊరికే ఉండేవాడు కాదు, "అన్నియ్యా, నీ బండి ఎప్పుడొస్తాదో సెప్పు, నేనీలోపు ఇంటికెల్లి తిని వొచ్చీస్తాను" అని గొంతెత్తి అరిచేవాడు, అటూ ఇటూ ఆగిన యాభైమందీ నవ్వేవాళ్ళు. ఛత్తీస్‌గఢీ వాళ్ళకి తెలుగు రాకపోయినా నవ్వేవాళ్ళు, ఆ గొంతే అలాంటిది. బంగారయ్య యూనిఫాంలో ఉండి నవ్వకూడదని మొహం బిగించుకునేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ బిగించుకున్న మొహం మీదే కోపం వస్తుంది, ఒక్కసారి నవ్వి ఉంటే గేటు విరిగిపోయేదా. డెబ్భై రెండు, డెబ్భై మూడు. ఇద్దరు కుర్రాళ్ళు ఒకే సైకిలు మీద, ముందొకడు వెనకొకడు, అది ఒకటే. డెబ్భై నాలుగు.

ఇలా ఒళ్ళో అట్ట పెట్టుకుని కూర్చోవడం ఆయనకి కొత్త కాదు. రెండు వేల అయిదులో కాబోలు, ఇలాంటి చలికాలంలోనే, గేటు మీద వారం రోజుల లెక్క తీయమన్నారు. గేటు తీసేసి వంతెన కట్టాలా, కడితే ఎలాంటిది కట్టాలి, అదంతా ఆ లెక్క మీద ఉంటుందని చెప్పారు. ఫారాలు వచ్చాయి. లారీ అయితే ఒకటి. బస్సు ఒకటి. ఎడ్లబండి కూడా ఒకటే, ఎద్దులకి ఆ మర్యాద ఉంది. రిక్షా అయితే సగం. సైకిలుకి గడి లేదు. మనిషికి గడి లేదు. మొదటిరోజు బంగారయ్య బుద్ధి ఊరుకోక పాత క్యాలెండరు కాగితం వెనక సైకిళ్ళకి విడిగా గీతలు గీశాడు, సాయంత్రానికి ఆరు వందల చిల్లర తేలాయి, అంత సంఖ్య చూసి ఆయనకే ఆశ్చర్యం. లెక్క చూడటానికి వచ్చిన పెద్దమనిషి ఆ కాగితం తీసి చూసి, ఫారంలో లేనిది రోడ్డు మీద కూడా లేనట్టే భాయీ అని హిందీలో అని నవ్వి, దానితో చేతికంటిన ఇంకు తుడుచుకున్నాడు. తిట్టలేదు, కసరలేదు, నవ్వాడంతే. ఆ నవ్వుకి బంగారయ్య సిగ్గుపడిపోయాడు, ఏదో పల్లెటూరి పని చేసినట్టు. మిగిలిన ఆరు రోజులూ ఫారంలో ఉన్నవే రాశాడు. తమ్ముడు పొద్దునోసారి, సాయంత్రమోసారి ఎదురుగా దాటుతూ ఉంటే ఆయన పెన్ను ఎత్తలేదు. అలవాటు చేసుకున్నాడు. అదేమీ కష్టం కాలేదు, నాలుగో రోజుకల్లా సైకిళ్ళు కళ్ళకి ఆనడం మానేశాయి.

నాలుగేళ్ళకి వంతెన వచ్చింది. చూడటానికి గొప్పగానే ఉంది, లారీ అటు ఎక్కితే ఇటు దిగేదాకా బ్రేకు తొక్కే పని లేదు. గేటుకి గోడ కట్టేశారు. ప్రారంభం రోజు లడ్డూలు పంచితే బంగారయ్య రెండు తిన్నాడు, ఒకటి జేబులో వేసుకుని తమ్ముడికి పట్టుకెళ్ళాడు. కోటయ్య ఆ లడ్డూ తింటూ, వంతెన మీద గాలి బాగుంటాది అన్నియ్యా, కాకపోతే ఆ గాలి లారీవోడు కొడతాడు అన్నాడు. పట్టాల మీదుగా ముప్ఫై అడుగులు దాటాల్సినవాడు కిలోమీటరున్నర పొడుగునా ఎక్కి దిగాలి, పక్కన అడుగు వెడల్పు కూడా వదలలేదు, రెయిలింగుకి మోచెయ్యి రాసుకుంటూ వెళ్ళాలి. అలా మూడేళ్ళు వెళ్ళాడు. పన్నెండులో, కార్తీకం వెళ్ళిన వారం, పొద్దున ఏడింటికి, దిగుడులో, వెనకనించి లారీ. అప్పటికి బంగారయ్యని వేరే గేటుకి మార్చారు. ఫోను వచ్చింది. మార్పు మనిషి వచ్చేదాకా గేటు వదలకూడదు. గూడ్సుకి గేటు వేశాడు, తీశాడు. ప్యాసింజరుకి వేశాడు, తీశాడు. నలభై నిమిషాలు, తమ్ముడు చచ్చిపోయాడని తెలిసీ, గేటు వేస్తూ తీస్తూ నిలబడ్డాడు, ఆ నలభై నిమిషాల్లో ఏడవలేదు, ఏడిస్తే జెండా సరిగ్గా కనబడదు. ఏడుపంతా తర్వాత వచ్చింది, ఇప్పటికీ వస్తూనే ఉంది, ముఖ్యంగా ఎవరైనా బిగ్గరగా నవ్వినప్పుడు.

తను సైకిళ్ళు రాసి ఉంటే వంతెన పక్కన దారి వచ్చేదా? రాదు. ఒక గేట్‌మన్ క్యాలెండరు కాగితం చూసి ఎవడు కాంక్రీటు పోస్తాడు? రాదని తెలుసు, పదకొండేళ్ళుగా ఆ మాట తనకి తనే చెప్పుకుంటున్నాడు, చెప్పుకున్న ప్రతిసారీ అది నిజమే. వచ్చేదో రాదో వేరే సంగతి. ఎదురుగా ఉన్నవాణ్ణి లేడన్నాడు కదా. ఆ వారం సంగతి పార్వతమ్మకి ఇంతవరకూ చెప్పలేదు. కోటయ్య సైకిలు చక్రం సరిచేయించి, సీటు కిందికి దింపించి, ఆమె తీసుకుంది. నలభయ్యేళ్ళ వయసులో మోవా మైదానంలో తొక్కడం నేర్చుకుంది. సందుల్లో తొక్కుతుంది, పెద్దరోడ్డు వచ్చేసరికి దిగిపోతుంది. ఆ సైకిలు పక్కన నడుస్తున్న ఆమెని చూసినప్పుడల్లా చెప్పేయాలనిపిస్తుంది, నోరు తెరిచేసరికి, పప్పులుసు బాగుందనో, ఫ్యాను బాగు చేయించావా అనో ఇంకేదో వస్తుంది.

"కా గినత హస్ కకా?" అని ఒకతను సైకిలు ఆపి మరీ అడిగాడు, ఏం లెక్కపెడుతున్నావు బాబాయ్ అని. సైకిళ్ళని చెబితే, లెక్కపెట్టి ఏం చేస్తావు, తీసుకుపోతారా ఏంటి అని కంగారుగా హాండిలు దగ్గరికి లాక్కున్నాడు. తీసుకుపోరు, దారి వేస్తారని చెప్పినా నమ్మలేదు, వెనక్కి చూసుకుంటూ పోయాడు. నూట నలభై తొమ్మిది. వాచీ ఏడూ ఇరవై. ఇంకా పాతిక నిమిషాలు ఉంది, ఎంత తోసుకొచ్చినా మళ్ళీ ఆ రెండు వందల చిల్లరే. బంగారయ్యకి చెమట పట్టింది, చలిలో. ఒక్కో సైకిలుకి అయిదు గీతల కట్ట పడిందనుకో, ఎవడు చూడొచ్చాడు? నీలిమ అవతలి వైపు లారీలు రాస్తోంది, ఆమెకి కనబడదు. అయిదు వందలు దాటించేస్తే దారి వస్తుంది, పార్వతమ్మ ఆ దారిలో ఎక్కి కూర్చుని తొక్కుకుంటూ పోతుంది, పుణ్యమేగా. పెన్ను కాగితం మీద ఆనించి ఆగిపోయాడు. ఆయన చేతికి అది రాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు గేటు పుస్తకంలో నిమిషం అటూ ఇటూ రాయని చెయ్యి, ఒక్క అబద్ధపు అంకె రాస్తే దాని మీద బండి వస్తుందని నేర్చుకున్న చెయ్యి. ఛీ అనుకున్నాడు, ఆ ఛీ ఎవరి మీదో తేలలేదు, తన నిజాయితీ మీద కూడా ఆయనకి విసుగొచ్చింది. ఎనిమిదింటి షిఫ్టు జనం ముదురుతున్నారు. నూట డెబ్భై. నూట ఎనభై. నూట ఎనభై ఒకటి.

ఏడూ ముప్ఫై ఒకటి. అవతలి వైపు నుంచి పార్వతమ్మ తిరిగి వస్తోంది, పాలపాకెట్లకి. రోడ్డు మధ్యలో ఆగింది. ఆమె చుట్టూ జనం ఆగారు. టిఫిను డబ్బా వెనక కట్టుకున్న నడివయసు మనిషి, తలకి తువ్వాలు చుట్టుకున్న ఇద్దరు ఆడకూలీలు, చలికి వణుకుతున్న ఒక ముసలాయన, ఇంకా వెనక, ఇంకా వెనక. అందరూ సైకిళ్ళ పక్కన నిలబడి ఉన్నారు, గొర్రెల్ని మెడ పట్టుకుని ఆపినట్టు హాండిళ్ళు పట్టుకుని. లారీ దాటింది, మంద కదిలింది. పార్వతమ్మ చక్రాలు ఇవతలికి వచ్చాయి. ముసలాయన చక్రాలు వచ్చాయి. తువ్వాలు వాళ్ళు, డబ్బా మనిషి, వాళ్ళ వెనక పదీ పన్నెండు మంది, ఒకరి తర్వాత ఒకరు స్టూలుకి ఆనుకున్నంత దగ్గరగా దాటిపోయారు. బంగారయ్య పార్వతమ్మ సంచీలో ఉప్మా డబ్బా కోసం చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ తన కుడిచేతి వైపు చూశాడు. పెన్ను కాగితానికి అంగుళం పైన ఉంది. కదల్లేదు. పదిహేనుకి పైగా సైకిళ్ళు పోయాయి, పెన్ను కదల్లేదు.

కాసేపు ఆయనకి ఏమీ అర్థం కాలేదు, తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. గేటు దగ్గర సైకిలు దిగనివాడెవడు? పట్టాలు దాటాలంటే దిగాల్సిందే, దిగినవాడు మనిషి కింద లెక్క, మనిషికి గడి లేదు. ఆ పాఠం కళ్ళలోకి ఎప్పుడు ఇంకిపోయిందో, నీలిమ సైకిళ్ళు రాయండి అంటే ఈ కళ్ళు తొక్కుతున్నవాటినే సైకిళ్ళన్నాయి. ఇన్ని లారీలు పోయే చౌరస్తాలో తొక్కుతూ దాటేది ఎవరు? కుర్రాళ్ళు, మొండివాళ్ళు, ఆలస్యమైనవాళ్ళు. భయం ఉన్న ప్రతివాడూ దిగుతాడు. ఆ భయం పోవడానికే కదా దారి అడుగుతున్నది, ఆ భయపడేవాళ్ళనే తను వదిలేశాడు, పోయిన మంగళవారం గంటసేపు, ఇవాళ ముప్పావుగంట. తన కోసం ఉప్మా చేసుకొస్తున్న మనిషిని, ఎదురుగా నిలబడి మాట్లాడి దాటిన మనిషిని, రాయలేదు. ఎవరో నవ్వారని సిగ్గుపడి నేర్చుకున్న పని ఇన్నేళ్ళకి ఇంత బాగా చేశాడు. కళ్ళు నీళ్ళతో మసకబారితే మఫ్లరు అంచుతో గట్టిగా తుడుచుకున్నాడు, ఇప్పుడు ఏడ్చే టైము లేదు. అట్ట మీది కాగితంలో కుడివైపు నిలువునా ఒక గీత కొట్టాడు. పైన పెద్ద అక్షరాలతో, నడిపించుకెళ్ళినవి అని హిందీలో రాశాడు, పక్కన టైము వేశాడు, ఏడూ ముప్ఫై ఒకటి. అప్పటినుంచి రెండు గడులు. ఎడమవైపు ఒక గీత పడేలోపు కుడివైపు మూడు పడుతున్నాయి. చెయ్యి అందుకోలేకపోతోంది.

ఎడమచేత్తో ఫోను తీసి నీలిమకి చేశాడు. రోడ్డుకి అవతల ఆమె టీబండి గొడుగు కింద ఫోను ఎత్తడం ఇక్కడికి కనిపిస్తూనే ఉంది.

"అమ్మా, నానొక తప్పు సేసినాను."

"ఏమైంది అంకుల్? ఎంతైంది?"

చెప్పాడు. చెబుతూనే గీతలు గీస్తున్నాడు. పోయిన వారం కూడానా అని ఆమె అడిగింది, పోయిన వారం కూడా అన్నాడు. అవతల ఆమె చేతిలో అట్ట కిందికి దించేయడం కనిపించింది. ఎనిమిది నెలల అర్జీలు, ఎనిమిది నెలల ఎండ. ఆ పిల్ల తిట్టినా బాగుండేది.

"ముందటివి అంచనాతోటి వేసేద్దామా అంకుల్?" అంది చివరికి, నెమ్మదిగా.

"వొద్దమ్మా. సూడనివి సూసినట్టు రాయకూడదు. సూడనేదని రాస్తాను."

"సరే. అట్లనే రాయండి. కానీ పదకొండుకి మీరు కూడా రావాలె. సార్‌కి ఈ మాట మీరే చెప్పాలె, నేను చెప్తే లెక్క తక్కువొచ్చిందని బహానా చెప్తున్ననుకుంటడు. ఇంకొకరోజు మీరే అడగండి."

ఆఫీసరు ముందు ఆయన జన్మలో కుర్చీలో కూర్చోలేదు. గుమ్మం దగ్గర నిలబడి చెప్పిన చోట సంతకం పెట్టడం తెలుసు. అయ్యా, నేను మీకు తప్పులెక్క ఇచ్చాను, నాకు మనుషులు కనబడలేదు, మళ్ళీ కూర్చుంటాను, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటాను, ఒక్కరోజు ఇవ్వండి. ఈ మాట హిందీలో ఎలా చెప్పాలో మనసులో కూర్చుకున్నాడు. ఆ ఇంజనీరు కూడా నవ్వుతాడేమో. నవ్వనీ. వస్తానమ్మా అని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

పాలపాకెట్లు సంచీలో సర్దుకుని, సైకిలు స్టాండు వేసి, పార్వతమ్మ ఉప్మా డబ్బా మూత తీసి స్టూలు పక్కన గట్టు మీద పెట్టింది. ఆయన తల ఎత్తలేదు, రోడ్డు మీంచి కళ్ళు తీస్తే గీతలు పోతాయి. అదొక వంక కూడా దొరికింది, మొహం చూడకుండా చెప్పేయొచ్చు.

"పార్వతమ్మా, నీకొకటి సెప్పాల. గేటు మీద లెక్క తీసినప్పుడు, వారం రోజులు, మన కోటయ్యని నాను రాయనేదు. సైకిలుకి గడి నేదన్నారు. ఆడు పట్టాల మీద ఆగి, నన్ను రాసినావా అన్నియ్యా అని అడిగితే, రాసినానురా అని అబద్ధం ఆడినాను. ఆడు సంబరపడిపోయి బెల్లు కొట్టుకుంటా ఎల్లిపోయినాడు."

ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, రెండు, మూడు, నాలుగు. పాలబూతువాడు ఖాళీ ట్రేలు బయటపెట్టాడు. ఆమె ఏడుస్తోందేమో అనుకుని ఆయన ఓరగా చూశాడు. ఏడవడం లేదు, డబ్బాలో చెంచా సరిగ్గా పెడుతోంది.

"నాకెరికే బావా. ఆ రోజే ఇంటికొచ్చి సెప్పినాడు. ఆ పారం ఎవలో సూపిత్తే మీ తమ్ముడు సూసినాడట, అందల సైకిలుకి గడే నేదంట. మా అన్నియ్య నా మొకం సూసి అబద్ధం సెప్పినాడే, ఆడికి అబద్ధం సెప్పడం రాదే, మొకం ఎర్రగా అయిపోనాదే అని పొట్ట పట్టుకుని ఒకటే నవ్వు. నేను కూడా నవ్వినాను."

"నాకెప్పుడూ సెప్పనేదేటి?"

"నువ్వు సెప్తావేమోనని సూసినాను." చెంచా వదిలి కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆడు పోయినకాడ్నుంచి పదకొండేళ్ళు సూసినాను బావా. మరి ఇయాల నన్ను రాసినావేటి?"

ఈసారి ఆయన తల ఎత్తి ఆమె మొహంలోకి చూశాడు. "నేదు," అన్నాడు. "పొద్దున ఎల్లినప్పుడూ రాయనేదు, ఇప్పుడొచ్చినప్పుడూ రాయనేదు. దిగి నడిసినావు, నాకు కనబడనేదు."

ఆమె కాగితం మీద కుడివైపు కొత్తగా కొట్టిన గడి చూసింది. అందులో గీతలు కిక్కిరిసి అట్ట అంచుదాకా వచ్చేశాయి. ఆమెకి చదవడం రాదు, గీతలు చదవడానికి చదువు అక్కర్లేదు. కాసేపు అలాగే చూసి, సైకిలు స్టాండు కాలితో తన్నింది.

"డైవర్లు టీ కోసం సూస్తా ఉంటారు, ఎల్తాను. ఉప్మా సల్లారిపోద్ది, తిను." రోడ్డు అంచుకి వెళ్ళి, లారీల చప్పుడుకి వినబడేలా వెనక్కి తిరిగి అరిచింది. "ఇదిగో, ఇప్పుడు దాటతన్నాను. లారీవోడు సూడకపోయినా నువ్వు సూడు!"

బొగ్గు లారీ పోయింది. దాని వెనక ఇంకొకటి. ఆమె సగం రోడ్డు దాటి మధ్యలో ఆగింది, రెండు వైపుల నుంచీ వచ్చే గాలికి కొంగు ఎగురుతోంది, రెండు చేతులూ హాండిలు మీద. బంగారయ్య స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. పెన్ను కుడివైపు గడి మీద ఉంది. ట్రాలీ ఒకటి హారను మోగించుకుంటూ ఆమె ముందునుంచి పోయింది, కాసేపు ఆమె కనబడలేదు, మళ్ళీ కనబడింది. ఆయన అప్పుడే గీయలేదు. ముందు చక్రం అవతలి అంచు ఎక్కింది, వెనక చక్రం కూడా ఎక్కింది, అప్పుడు గీశాడు.